ట్రిగ్గర్ బరువు తగ్గించండి, పట్టు జోలికి పోకండి

కొత్తగా బోల్ట్ యాక్షన్ రైఫిల్ (ప్రతి తూటాకీ బోల్ట్ అనే కడ్డీని చేత్తో తెరిచి మూసేది) చేతికొచ్చినవాళ్లు నా దగ్గరికి తెచ్చే ఫిర్యాదు దాదాపు ఎప్పుడూ ఒకటే. "అన్నా, ట్రిగ్గర్ మరీ గట్టిగా ఉంది. కాస్త తేలిక చేసి పెట్టండి." న్యాయమైన కోరికే. మూడున్నర కిలోల రైఫిల్‌ని రెండు కిలోల బలంతో లాగాల్సిన ట్రిగ్గర్‌తో పేల్చాలంటే వేలు ఒక్కటే సరిపోదు. అరచేయి, మణికట్టు, చివరికి భుజం కూడా కలిసి లాగుతాయి. గురి చూసినంతసేపూ నిలకడగా ఉన్న గొట్టం సరిగ్గా పేలే క్షణంలో పక్కకు జరుగుతుంది. వంద మీటర్లు వెళ్లేసరికి ఆ కాస్త కదలికే బెత్తెడు తేడా అవుతుంది.

కాబట్టి తేలిక చేయడానికి నేను వ్యతిరేకిని కాను. నా రైఫిళ్లన్నీ తేలిక చేసుకున్నవే. కానీ ట్రిగ్గర్‌లో మనం సర్దుకోదగ్గ భాగం ఒకటుంది, ముట్టుకోకూడని భాగం ఒకటుంది. ఆ రెండింటి తేడా తెలియకుండానే స్క్రూలు తిప్పేసిన రైఫిళ్లు మా క్లబ్బుకి వస్తూనే ఉంటాయి. తనిఖీ బల్ల దగ్గర కూర్చునేది నేనే కాబట్టి అవన్నీ నా చేతిమీదుగానే పోతాయి. ఉద్యోగం చేసినన్నాళ్లూ టూల్ రూమ్‌లో ఫిట్టర్‌ని. మిల్లీమీటరులో వందో వంతు తేడా వస్తే ముక్కని పక్కన పడేసే చోటు అది. ఆ అలవాటు వల్లనేమో, ట్రిగ్గర్ లోపలి అంచులంటే నాకు భయమూ ఉంది, గౌరవమూ ఉంది.

లోపల జరిగేది చెబుతాను. బోల్ట్ మూయగానే, తూటాని కొట్టి పేల్చే ఫైరింగ్ పిన్ వెనకే ఆగిపోతుంది. దాన్ని ముందుకు తోయడానికి బలమైన స్ప్రింగు కాచుకుని ఉంటుంది. ఆ బలాన్ని ఆపేది సియర్ అనే చిన్న ఉక్కు ముక్క. సియర్ కిందికి జారకుండా ఆపేది ట్రిగ్గర్ పైఅంచు. అంచు మీద అంచు, అంతే. అవి ఒకదానిమీద ఒకటి ఆనుకునే మేర మామూలు వేట రైఫిళ్లలో దాదాపు అర మిల్లీమీటరు ఉంటుంది. దాన్నే నేను పట్టు అంటున్నాను. ఇక ట్రిగ్గర్‌ని ముందుకు నెట్టి, ఆ అంచుని సియర్ కిందే నిలబెట్టే చిన్న స్ప్రింగు ఒకటి విడిగా ఉంటుంది. మన వేలికి బరువుగా తగిలేది ముఖ్యంగా ఈ స్ప్రింగే.

సర్దుకునే వీలున్న చాలా ట్రిగ్గర్లలో ఒక స్క్రూ ఈ స్ప్రింగుని బిగిస్తుంది లేదా వదులు చేస్తుంది. ఇంకొకటి పేలిన తరువాత ట్రిగ్గర్ ఇంకెంత వెనక్కి పోవాలో నిర్ణయిస్తుంది. మూడోది పట్టుని మారుస్తుంది. మొదటిది తయారీదారు ఇచ్చిన పరిమితుల్లో మనం తిప్పుకోవచ్చు. రెండోది జాగ్రత్త తెలిసినవారు తిప్పవచ్చు. అయితే దాన్ని మరీ బిగిస్తే సియర్ పూర్తిగా తప్పుకోకముందే ట్రిగ్గర్ ఆగిపోతుంది. ఈ రోజు బాగానే పేలిన రైఫిల్ రేపు కాస్త మురికి చేరగానే మొరాయిస్తుంది. మూడో స్క్రూని మాత్రం తుపాకీ మెకానిక్‌కి వదిలేయండి. దాన్ని తిప్పితే ట్రిగ్గర్ గాజుకడ్డీ విరిగినట్టు పుటుక్కున వదులుతుంది, ఎంతో హాయిగా ఉంటుంది. అందుకే అది ప్రమాదం. అర మిల్లీమీటరు పట్టు పది శాతానికి పడిపోయినా వేలికి ఆ సంగతి తెలియదు, బాగుందనే అనిపిస్తుంది.

ఇంతకన్నా పెద్ద తప్పు సియర్ అంచుల్ని సానరాయి మీద నునుపు చేయడం. ఇంటర్నెట్ చూసి చేసేవాళ్లున్నారు. ఆ భాగాల్లో చాలావాటికి పైపొర ఒక్కటే గట్టిపరిచి ఉంటుంది, లోపలంతా మెత్తని ఉక్కు. సాన పెట్టేటప్పుడు ఆ పొర పోయిందా, మెత్తని లోహం కొద్దికొద్దిగా అరిగి అంచు గుండ్రమవుతుంది. కోణం ఒక డిగ్రీ అటు తిరిగినా అంతే, సియర్ తనంతట తాను జారే వైపుకి వాలుతుంది. మొదటి వంద గుళ్లూ మామూలుగానే పేలతాయి. ఆ తరువాత ఎప్పుడు ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు. చేతిలో మంచి రాయి, గేజ్, బూతద్దం ఉండి కూడా నేను ఆ పనికి పూనుకోను.

సెకండ్‌హ్యాండ్‌లో కొన్న .308 రైఫిల్ ఒకటి ఈ మధ్య ఒక తమ్ముడు తెచ్చాడు. "దీని ట్రిగ్గర్ అద్భుతంగా ఉందన్నా, ఒకసారి మీరూ చూడండి" అన్నాడు. నిజంగానే వేలు తగిలీ తగలకముందే వదిలింది. స్టాక్ (రైఫిల్ చెక్క భాగం) విప్పి చూస్తే స్క్రూల తలల మీద ఫ్యాక్టరీ వేసిన లక్క సీలు మూడింటికీ పగిలి ఉంది. గీతలో స్క్రూడ్రైవర్ జారిన మెరుపు ఇంకా కొత్తగా కనిపిస్తోంది. ఖాళీ రైఫిల్‌ని బల్ల మీద పెట్టి బోల్ట్‌ని ఒక్క ఊపున ముందుకు కొట్టి మూశాను. బోల్ట్ వెనుక కొసన బయటికి కనిపించాల్సిన కాకింగ్ పీస్ (ఫైరింగ్ పిన్ వెనుక భాగం) లోపలికి జారిపోయింది. ట్రిగ్గర్‌ని ఎవరూ ముట్టుకోలేదు. ఛాంబర్‌లో, అంటే గొట్టం వెనుక తూటా కూర్చునే చోట, తూటా ఉంటే అది పేలి ఉండేది. ఆ అబ్బాయి ముఖంలో రంగు మారింది. "ఇన్నాళ్లూ దీన్ని భుజాన వేసుకుని తిరిగానన్నా" అన్నాడు. ట్రిగ్గర్ మొత్తం కొత్తది వేయించమని చెప్పాను, వేయించాడు.

అందుకే స్క్రూ ముట్టుకునే ముందు చేయాల్సినవి చెబుతాను. ముందుగా తూటాలు. మ్యాగజైన్ తీయడం, బోల్ట్ తెరిచి ఛాంబర్‌లోకి చూడటం, చిటికెన వేలు పెట్టి తడిమి చూడటం, ఇవన్నీ చేసిన తరువాత కూడా ఆ గదిలో ఒక్క తూటా ఉండకూడదు. పెట్టెతో సహా ఇంకో గదిలో పెట్టి తలుపు వేయండి. నేను మధ్యలో టీ తాగడానికి లేచి వచ్చినా మళ్లీ ఛాంబర్ చూస్తాను. అతి జాగ్రత్త అంటారు కొందరు. ఖాళీ అనుకున్న తుపాకీలు పేలిన ఘటనలన్నీ ఆ నమ్మకంతో మొదలైనవే.

తరువాత తయారీదారు పుస్తకం. కొన్ని కంపెనీలు ట్రిగ్గర్ సర్దుబాటు వినియోగదారుకి వదిలేస్తాయి. టిక్కా టీ3 వరసకి ఒకే స్క్రూతో సుమారు ఒకటి నుంచి రెండు కిలోల మధ్య సర్దుకునే వీలుంది. సావేజ్ అక్యూట్రిగ్గర్ కూడా వాడేవారే సర్దుకునేలా తయారైంది. ట్రిగ్గర్ మధ్యలో సన్నని రేకు ఒకటి ఉంటుంది. దాన్ని వేలు నొక్కకుండా సియర్ జారినా ఫైరింగ్ పిన్ పూర్తిగా ముందుకు పోదు. ఇంకొన్ని కంపెనీలు సీలు వేసిన స్క్రూల్ని ముట్టుకోవద్దని స్పష్టంగా రాస్తాయి. అలా రాసి ఉంటే అక్కడితో ఆగండి. సర్దుకోవడానికే తయారుచేసిన మంచి ట్రిగ్గర్ కొనుక్కుని మెకానిక్ చేత వేయించుకోవడం తెలివైన పని.

ఇంకో మాట. బిగువుగా ఉందన్న ఫిర్యాదుల్లో చాలావాటికి అసలు కారణం మురికి. పిచికారీ నూనె కొట్టి కొట్టి, అది ట్రిగ్గర్ పెట్టెలో ఎండి జిగురుగా మారి, దానికి దుమ్ము అంటుకుని ఉంటుంది. ట్రిగ్గర్ గరగరలాడుతూ నడుస్తుంటే వేలికి అది బరువుగానే తెలుస్తుంది. స్టాక్ విప్పి, లైటర్లలో పోసే పెట్రోలు వంటి ద్రావకంతో పెట్టెని కడిగి, గాలికి పూర్తిగా ఆరనిచ్చి మళ్లీ లాగి చూడండి. నిప్పు దగ్గర వద్దు, కిటికీలు తెరిచి చేయండి. ఆరిన తరువాత మళ్లీ నూనె పోయకండి. చాలామంది సమస్య ఇక్కడే తీరిపోతుంది, స్క్రూడ్రైవర్ అవసరమే రాదు.

కొలవకుండా తిప్పకండి. లాగడానికి ఎంత బలం పట్టిందో చూపే ట్రిగ్గర్ గేజ్ ఖరీదైన వస్తువు కాదు. రైఫిల్‌ని కదలకుండా ఆనించి, గేజ్ కొక్కేన్ని ట్రిగ్గర్ వంపు మధ్యలో, మీ వేలు ఆనే చోటే పెట్టి, గొట్టానికి సమాంతరంగా నెమ్మదిగా లాగాలి. కొక్కెం కిందికి జారితే మీట పొడవు పెరిగి అంకె తక్కువ చూపిస్తుంది. పది సార్లు లాగి అన్నీ రాసుకోండి. సగటు కన్నా ఆ పది అంకెల మధ్య తేడాని నేను ముందు చూస్తాను. ఒకసారి 1,900 గ్రాములు, ఇంకోసారి 1,500 చూపించే ట్రిగ్గర్‌ని తేలిక చేయకూడదు, ముందు బాగుచేయాలి. లోపల ఏదో తగులుతోంది, లేదా అంచు అరిగింది.

ఎంతకి దించాలి? ఫ్యాక్టరీ నుంచి వచ్చే వేట రైఫిళ్లు ఎక్కువగా మూడున్నర నుంచి ఐదు పౌన్ల మధ్య, అంటే 1,600 నుంచి 2,250 గ్రాముల ప్రాంతంలో ఉంటాయి. మోసుకుని తిరిగే రైఫిల్‌ని 1,300 గ్రాముల కిందికి దించడం నాకు ఇష్టం లేదు. పోటీల్లో ఎవరో వంద గ్రాముల ట్రిగ్గర్‌తో కొడుతున్నారు కదా అని అడుగుతారు. నిజమే, అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య (ఐఎస్ఎస్ఎఫ్) 50 మీటర్ల రైఫిల్ పోటీల్లో ట్రిగ్గర్‌కి కనీస బరువు లేదు. కానీ అక్కడ షూటర్ ఒకే చోట ఉంటాడు, గొట్టం ఎప్పుడూ లక్ష్యం వైపే ఉంటుంది, కొట్టే ముందే ఒక్క తూటా పెడతాడు. అదే సంస్థ 300 మీటర్ల స్టాండర్డ్ రైఫిల్‌కి 1,500 గ్రాముల కనీస బరువు పెట్టింది. పరిస్థితిని బట్టి బరువు, అంతే. చలిలో చేతి తొడుగులతో, పరుగెత్తి రొప్పుతూ, చెట్టుకి ఆనుకుని కొట్టే వేటగాడికి వేలు ఎక్కడుందో తెలిసేంత బరువు ఉండాలి.

ఇప్పుడు స్క్రూ, అంటే స్ప్రింగుని సర్దే మొదటిది మాత్రమే. తయారీదారు పుస్తకం ఒప్పుకుంటేనే సీలుని జాగ్రత్తగా గీకి తీసి, స్క్రూ ప్రస్తుతం ఎక్కడుందో ఒక సన్నని గీతతో గుర్తు పెట్టుకోండి, ఫోటో తీయండి. ఒక్కో విడతకి పావు చుట్టు మాత్రమే వదులు చేయండి. ప్రతి విడతలోనూ బోల్ట్ తెరిచి మూసి, పది సార్లు కొలవండి. ఎంత తిప్పినా అంకె మారడం ఆగిపోయిందంటే స్ప్రింగు పూర్తిగా వదులైపోయింది. అక్కడే వదిలేస్తే ట్రిగ్గర్‌ని ముందుకు నెట్టేవారే ఉండరు. వెనక్కి తిప్పి, స్ప్రింగు తగలడం మొదలైన చోటు కన్నా ఇంకాస్త బిగించి ఆపండి.

తేలిక చేసిన స్ప్రింగుతో వచ్చే అసలు ప్రమాదం ఏమిటో ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే సేఫ్టీ (పొరపాటున పేలకుండా ఆపే మీట) ఉందిలే అన్న ధీమా చాలామందిలో ఉంది. మౌజర్ 98లో, వించెస్టర్ 70లో సేఫ్టీ ఫైరింగ్ పిన్‌నే పట్టి ఆపుతుంది. కానీ చాలా రైఫిళ్లలో సేఫ్టీ చేసే పని సియర్‌ని పైకి లేపి పట్టుకోవడం. అప్పుడు సియర్ కింద ఉన్న ట్రిగ్గర్‌కి ఏ బరువూ ఉండదు, స్వేచ్ఛగా ఆడుతుంది. సేఫ్టీ వేసి ఉండగా ఎవరో ట్రిగ్గర్‌ని తాకారు, లేదా కొమ్మ తగిలింది, అది వెనక్కి పోయింది. స్ప్రింగు బలంగా ఉంటే తిరిగి వచ్చి సియర్ కింద నిలబడుతుంది. స్ప్రింగు బలహీనమైనా, మధ్యలో జిగురు ఉన్నా వెనకే ఉండిపోతుంది. తరువాత సేఫ్టీ తీయగానే సియర్‌ని మోసేదేమీ ఉండదు, రైఫిల్ పేలుతుంది. ట్రిగ్గర్ మీద వేలు లేకుండానే.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. అమెరికా తుపాకుల కంపెనీ రెమింగ్టన్‌కి మైక్ వాకర్ రూపొందించిన ట్రిగ్గర్ 1948లో 721 మోడల్‌తో వచ్చింది, 1962 నుంచి 700 మోడల్‌లోనూ దశాబ్దాలు కొనసాగింది. అందులో ట్రిగ్గర్‌కీ సియర్‌కీ మధ్య కనెక్టర్ అనే విడి ముక్క ఉంటుంది. సేఫ్టీ తీయగానే, బోల్ట్ కదిలించగానే రైఫిల్ పేలిందని అమెరికాలో ఎన్నో కేసులు పడ్డాయి. డిజైన్‌లో లోపం లేదని కంపెనీ వాదించింది, చివరికి రాజీ ఒప్పందంలో భాగంగా ట్రిగ్గర్లు మార్చి ఇవ్వడానికి ఒప్పుకుంది. దాని తరువాతి తరం ఎక్స్-మార్క్ ప్రో ట్రిగ్గర్‌ని 2014 ఏప్రిల్‌లో వెనక్కి పిలిపించారు. కారణం ఏమిటంటే, తయారీలో వాడిన జిగురు కొన్నింటిలో అవసరానికి మించి పడింది. 2014 ఏప్రిల్ వరకు తయారైన 700 గానీ మోడల్ సెవెన్ గానీ మీ దగ్గర ఉంటే, సర్దుబాటు గురించి ఆలోచించే ముందు సీరియల్ నంబరుతో ఆ సంగతి తేల్చుకోండి.

ఆ జిగురు సంగతే మనకీ వర్తిస్తుంది. సర్దుబాటు అయ్యాక స్క్రూ మళ్లీ కదలకుండా సీలు వేయాలి. గోళ్ల రంగు చాలు, లేదా మధ్యస్థ బలం ఉన్న స్క్రూ జిగురు. అగ్గిపుల్ల మొనతో స్క్రూ తల పక్కన ఒక్క చుక్క పెట్టండి. సీసా నుంచి నేరుగా పోస్తే అది మరల గుండా లోపలికి పాకి, ఏ ట్రిగ్గర్‌ని సురక్షితం చేద్దామనుకున్నామో దాన్నే అంటించేస్తుంది. అది పూర్తిగా ఆరాకే పరీక్షలు.

పరీక్షలకి సర్దుబాటు కన్నా ఎక్కువ సమయం కేటాయించండి. రైఫిల్ ఖాళీ, గొట్టం సురక్షితమైన దిక్కుకి. బోల్ట్‌ని గట్టిగా, కోపంగా ఉన్నట్టు ఇరవై సార్లు మూయండి. ప్రతిసారీ కాకింగ్ పీస్ వెనకే నిలవాలి. తరువాత సేఫ్టీ వేసి, ట్రిగ్గర్‌ని మామూలు కన్నా మూడు రెట్లు బలంగా లాగి వదలండి. వేలు పూర్తిగా బయటికి తీసి, అప్పుడు సేఫ్టీ తీయండి. పిన్ పడకూడదు. ఇదీ ఇరవై సార్లు. ట్రిగ్గర్‌ని సగం వరకు నెమ్మదిగా లాగి వదిలితే అది పూర్తిగా ముందుకు రావాలి, ఆ తరువాత కొలిచిన బరువు మునుపటిదే ఉండాలి. సేఫ్టీ తీసి ఉండగా రైఫిల్ మడమని, అంటే భుజానికి ఆనే కొసని, మందపాటి రబ్బరు చాప మీద ఒక అడుగు ఎత్తు నుంచి నిట్టనిలువుగా వదలండి, రబ్బరు సుత్తితో స్టాక్‌ని అన్ని వైపులా తట్టండి. కాకింగ్ పీస్ కదలకూడదు.

ఇందులో ఏ ఒక్కటి ఒక్కసారి తప్పినా ఆ రైఫిల్ తప్పినట్టే. పంతొమ్మిది సార్లు బాగుంది కదా అనే లెక్క ఇక్కడ పనికిరాదు. స్క్రూని మొదటి గుర్తుకి తెచ్చి మళ్లీ మొత్తం పరీక్షించండి. అప్పుడూ తప్పితే తూటా పెట్టకుండా మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి.

స్టాక్ బిగించిన తరువాత ఇవన్నీ మరోసారి చేయాలి. ఇది చాలామంది వదిలేస్తారు. స్టాక్ లోపలి చెక్క ట్రిగ్గర్ పెట్టెకో, సేఫ్టీ మీటకో, గార్డు ట్రిగ్గర్ పక్కకో తగులుతూ ఉండవచ్చు. విప్పి ఉన్నప్పుడు చక్కగా తిరిగి వచ్చిన ట్రిగ్గర్ బిగించాక చెక్కకి రాసుకుని మధ్యలోనే ఆగిపోవచ్చు. చలి ప్రదేశంలో వాడే రైఫిల్ అయితే రాత్రంతా చలిలో ఉంచి, పొద్దున్నే ఆ చలిలోనే పరీక్షించండి. వెచ్చని గదిలో పలుచగా ఉన్న నూనె అక్కడ మైనంలా గడ్డకడుతుంది.

మొదటిసారి నిజం తూటా పెట్టేది రేంజ్‌లోనే, గొట్టం లక్ష్యాల వైపు ఉండగా, ఒక్క తూటాతోనే. బోల్ట్ మూసి, వేలు దూరంగా ఉంచి, సేఫ్టీ వేసి తీసి, ఆ తరువాతే కొట్టండి. అలా కొన్ని కొట్టాక మ్యాగజైన్ నింపవచ్చు. సర్దిన తేదీ, ముందటి బరువు, ఇప్పటి బరువు, స్క్రూ ఎంత తిప్పారు అన్నది ఒక చీటీ మీద రాసి రైఫిల్ పెట్టెలో ఉంచండి. మీరు అమ్మినా, ఇంకొకరికి ఇచ్చినా ఆ చీటీ కూడా వాళ్లకి చేరాలి. ఆ తమ్ముడికి .308తో పాటు అలాంటి చీటీ ఒకటి వచ్చి ఉంటే దాన్ని భుజాన వేసుకునే ముందే నా దగ్గరికి తెచ్చి ఉండేవాడు.